బామ్మ ఎత్తుకి పెట్టిన కుళాయి

ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మా ఫ్లాటుకి పార్సిలు రాని రోజు ఏకాదశి లాంటిది, నెలకి రెండుసార్లు వస్తే గొప్ప. మా మనవరాలు అన్వి ప్రొడక్ట్ డిజైన్ చదువుతోంది. చదువు పేరు చెప్పి ప్రపంచంలో ఉన్న చిత్రమైన సామానంతా ఇంట్లోకి తెస్తుంది. మడిస్తే పళ్ళెమంత అయిపోయే కెటిల్, మెడలో దండలా వేసుకునే ఫ్యాను, సూట్‌కేసు బరువు తూచే కొక్కెం, హోటలు గదిలో తలుపు కింద పెడితే ఎవరైనా తోసినప్పుడు కుయ్యిమని అరిచే ముక్క, ప్రయాణంలో అరటిపండు నలగకుండా అరటిపండు ఆకారంలోనే ఒక డబ్బా. "అరటిపండుకి దేవుడే ఒక తొడుగు ఇచ్చాడు కదే" అంటే, "అమ్మమ్మా, ఆప్ నహీ సమ్‌ఝోగే" అంటుంది. నాకు అర్థం కాదట. తెలుగు బాగానే అర్థమవుతుంది దానికి, జవాబు మాత్రం హిందీలోనో ఇంగ్లీషులోనో వస్తుంది. నన్ను ఎగతాళి చెయ్యడానికి దాని దగ్గర ఒక ఆధారం కూడా ఉంది. కరోనా రోజుల్లో నేనూ ఒక వస్తువు కొన్నాను. నీళ్ళ డబ్బా మీద బిగిస్తే, కింద చెయ్యి పెట్టగానే దానంతటదే నీళ్ళు పోసే చిన్న మోటారు. మా తలుపు బయట, లిఫ్టు పక్కన స్టూలు వేసి డబ్బా పెట్టించాను, పక్కన కాగితపు గ్లాసులు. సామాన్లు తెచ్చి ఇచ్చే వాళ్ళకి పాపం దాహం వేస్తే బెల్లు కొట్టి నిలబడే పని లేకుండా. మా అంతస్తులో అందరూ మెచ్చుకున్నారు. కరోనా పోయింది గాని స్టూలు అక్కడే ఉండిపోయింది.

ఈ వేసవి మొదట్లో అన్వి అటక మీదున్న మా నాన్న ట్రంకుపెట్టె దింపించింది. దానికి అడుగున బాల్ బేరింగులతో చేసిన చక్రాలుంటాయి, అవి దాని ప్రాజెక్టుకి కావాలట. పెట్టెలో నాన్న పాత పంచె ఒకటి మూటకట్టి ఉంది. విప్పితే ఇత్తడి పెడలు, దానికి సైకిలు బ్రేకు తీగ, తీగ చివర స్ప్రింగు ఉన్న చిన్న కుళాయి, దాని కింద వేలెడు ఖాళీ వదిలి బిగించిన గరాటు. ఇత్తడి నల్లబడింది. పెడలు తొక్కితే మాత్రం స్ప్రింగు ఇంకా టక్కుమంది. "యే క్యా హై?" అని అన్వి కళ్ళింత చేసుకుంది. నేను పంచె మడతపెట్టసాగాను. అది వదలదు కదా, మళ్ళీ అడిగింది. "మా నాన్న చేశాడు. కాలితో తొక్కితే నీళ్ళు వచ్చేవి. కాలనీలో అందరూ తాగేవాళ్ళు" అన్నాను. మూడు ముక్కలూ నిజమే. ఆ నిజాల కింద నేను దాచుకున్నది ఏమిటో దానికి తెలియదు. వారం తిరక్కుండా అది ఒక వీడియో చేసింది, చేతులు తాకకుండా నీళ్ళు ఇచ్చే కుళాయిని మా ముత్తాత అప్పట్లోనే కనిపెట్టాడు అని. మా సొసైటీ గ్రూపులో అది తిరిగి తిరిగి సెక్రటరీ దాకా వెళ్ళింది. ఆయన ఉత్సాహంగా ఫోను చేశాడు. వేసవిలో డ్రైవర్లకీ డెలివరీ వాళ్ళకీ పనికొచ్చేలా గేటు దగ్గర అలాంటిదే ఒకటి పెడతాం, స్టీలు పలక మీద మీ నాన్నగారి పేరు వేయిస్తాం అన్నాడు. "ఇత్‌నా బడా దిల్, ఆంటీజీ" అన్నాడు. మాది అంత పెద్ద మనసట. ఫోను పెట్టేశాక నా చెవులు కాలిపోయాయి. అరవై ఏళ్ళు దాటిన మనిషిని, చిన్నపిల్లలా వెళ్ళి బాత్‌రూములో గడియ పెట్టుకుని కూర్చున్నాను.

మా నాన్న కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. ఢిల్లీ ఆర్.కె.పురం క్వార్టర్సులో రెండు గదులు, వంటిల్లు, ముందు ఒక వరండా. ఆఫీసులో ఫైళ్ళ మధ్య ఆయన ఎలా ఉండేవాడో నాకు తెలియదు గాని, ఇంటికొచ్చి చొక్కా విప్పి మేకుకి తగిలించాక ఆయన అసలు ఉద్యోగం మొదలయ్యేది. ఒక డాల్డా డబ్బా నిండా స్ప్రింగులు, సైకిలు ఊచలు, గొడుగు కమ్మీలు, పాత గడియారాల పళ్ళచక్రాలు. మెషిను నూనె వాసన, కుంపటి పొగ, ఎండాకాలం కిటికీలకి కట్టిన వట్టివేళ్ళ తడికల మీద నీళ్ళు చల్లితే వచ్చే వాసన, ఈ మూడూ కలిస్తే మా ఇల్లు. మంచం మీద పడుకునే దీపం ఆర్పడానికి కప్పీ మీదుగా ఒక తాడు. పాలు పొంగే ముందు గలగలమనే రేకుబిళ్ళ. కుంపటి రాజెయ్యడానికి సైకిలు చక్రంతో ఒక పంకా చేశాడు. అది తిప్పితే నిప్పు రాజుకునే ముందు బూడిదంతా అమ్మ మొహాన పడేది. "మీ పంకాకి దణ్ణం పెడతాను, నా విసనకర్ర నాకివ్వండి" అనేది అమ్మ.

అన్నిటికంటే నన్ను చంపింది ఆ ట్రంకుపెట్టె. వేసవి సెలవుల్లో బెజవాడ వెళ్ళే బండెక్కడానికి న్యూఢిల్లీ స్టేషనుకి వెళితే, నాన్న కూలీని పిలవడు. పెట్టెకి తాడు కట్టి ప్లాట్‌ఫారం మీద లాగేవాడు. ఆ ఇనుప చక్రాల రొదకి గూడ్సు బండి వచ్చేస్తోందేమోనని జనం వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. కూలీలు బీడీలు నోట్లోంచి తీసి నవ్వేవాళ్ళు. నేను ఆ కుటుంబానికి సంబంధం లేనట్టు, వేరెవరితోనో వచ్చినట్టు దూరంగా నడిచేదాన్ని. బండిలో ఇంకా కథ ఉండేది. కిటికీ ఊచలకి తగిలించే బల్ల, పెట్టె గొలుసుకి గంట, గొడుగు కమ్మీలతో చేసిన మడత స్టూలు. ఎదురు బెర్తు వాళ్ళు "వాహ్ భాయీసాబ్" అంటుంటే నేను దుప్పటి కప్పుకుని నిద్ర నటించేదాన్ని. సిగ్గంటే అదేనని అప్పట్లో నా నమ్మకం. ఇప్పుడు ఊళ్ళో ప్రతివాడి పెట్టెకీ చక్రాలున్నాయి, ఆ సిగ్గు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఇంకో సిగ్గు ఉంది, దానికి ఇన్నేళ్ళయినా నవ్వు రాలేదు.

నాన్న పిచ్చి అర్థమయ్యే మనిషి ఢిల్లీ మొత్తానికి ఒక్కరే దొరికారు, ఆయన ఆఫీసులోనే పనిచేసే ప్రకాశరావు గారు. పొన్నూరు వైపు మనిషి. పొడగరి, నెమ్మదస్తుడు, మాట తక్కువ. చదువుకునే రోజుల్లో సైకిలు షాపులో పనిచేశారట, ఏ లోహం ఎంత వంగుతుందో వేలితో మీటి చెప్పేవారు. ఇద్దరూ ఆదివారం పొద్దున్నే జామా మసీదు దగ్గర పాత సామాన్ల బజారుకి వెళ్ళి, మధ్యాహ్నానికి జేబుల నిండా తుక్కుతో తిరిగొచ్చేవాళ్ళు. ఆ తుక్కు వరండాలో పరుచుకుని కూర్చుంటే వాళ్ళకి అన్నం సంగతి గుర్తుండేది కాదు. నాన్నకి ఆలోచనలు ఎక్కువ, ఓపిక తక్కువ. ఆయన సగంలో వదిలేసింది ప్రకాశరావు గారు పూర్తి చేసేవారు. ఆఫీసులో పై అధికారి చీవాట్లు పెట్టిన రోజైనా సరే, ప్రకాశరావు గారు వస్తున్నారంటే నాన్న మొహం వెలిగేది. అన్నదమ్ములు లేని మనిషి. "నాకు భగవంతుడు తోడబుట్టినవాణ్ణి ఇక్కడ చూపించాడోయ్" అనేవాడు అమ్మతో.

తాతగారు పోయాక బామ్మ దివిసీమ నుంచి మా దగ్గరికి వచ్చింది. పొట్టి మనిషి, గట్టి మనిషి, వేళ్ళకి ఎప్పుడూ విభూతి వాసన. ఊళ్ళో ఎలా ఉండేదో ఢిల్లీలోనూ అలాగే ఉండాలని పట్టుదల. తెల్లవారకముందే స్నానం చేసి, తడిబట్టతో మునిసిపాలిటీ పంపు దగ్గర రాగిబిందె నింపుకుని వచ్చి వంటింట్లో పీట మీద పెట్టేది. అది మడి బిందె. దాన్ని ఆవిడ తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. నేను పొరపాటున పావడా అంచు తగిలించినా ఆ నీళ్ళు పారబోసేది. అయితే మనిషి చెడ్డది కాదు, ఆ మాట కూడా చెప్పాలి. ప్రకాశరావు గారంటే ఆవిడకి ఇష్టమే. తెలుగు మాట వినపడితే చాలు, వరండా గుమ్మం దగ్గరికి వచ్చి కూర్చునేది. మొదటిరోజే అడిగింది, "మీదే ఊరు నాయనా? ఎవరివాళ్ళు?" అని. ఆయన తడుముకోలేదు. "పొన్నూరు దగ్గరండి అమ్మగారూ. ఊళ్ళో కాదండి, ఊరి చివర పేటండి మాది." బామ్మ "అలాగా" అని పమిట సర్దుకుని ఒక జానెడు వెనక్కి జరిగింది. తరవాత కూడా కబుర్లు చెప్పింది, ఆ జానెడు దూరం నుంచే.

ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం ప్రకాశరావు గారు చెమటలు కక్కుతూ వచ్చారు. అమ్మ బట్టలు ఆరెయ్యడానికి వెనక్కి వెళ్ళింది. నాన్న వరండాలో ఏదో రేకు పట్టుకుని ఉన్నాడు. స్నేహితుడి ఇంట్లో ఎవరైనా చేసే పనే ఆయనా చేశారు. లోపలికి వెళ్ళి, గ్లాసు తీసుకుని, బిందెలో ముంచుకుని తాగారు. బామ్మ జపం చేసుకుంటూ చూసింది. ఆయన ఉన్నంతసేపూ ఏమీ అనలేదు. ఆయన వెళ్ళాక బిందె ఎత్తి కరివేపాకు మొక్కలో కుమ్మరించింది. పంపు మళ్ళీ మర్నాడు పొద్దున గాని రాదు. అమ్మ పక్కింటి మల్హోత్రా ఆంటీ దగ్గర నీళ్ళు తెస్తానంటే ఒప్పుకోలేదు. మే నెల ఢిల్లీ ఎండలో ఆ ముసలావిడ మర్నాటి దాకా గుక్కెడు నీళ్ళు ముట్టకుండా కూర్చుంది. "ఆయన్ని వంటింట్లోకి రావద్దని చెప్పరా" అంది. "ఎలా చెప్పనమ్మా?" అన్నాడు నాన్న. "నువ్వు చెప్పలేకపోతే నేను చెబుతాను. మర్యాదగానే చెబుతాలే." నాన్న మొహం మాడిపోయింది. "నువ్వేం చెప్పద్దు. కొన్నాళ్ళు ఓపిక పట్టు, నేను చూస్తాను" అన్నాడు.

తల్లిని కాదనలేడు, స్నేహితుణ్ణి వదులుకోలేడు. ఇలాంటి చోట మనిషన్నవాడు నోరు విప్పాలి. మా నాన్న డాల్డా డబ్బా విప్పాడు. బిందెని ఎత్తుగా అలమారలో పెట్టి, అడుగున గొట్టం వేసి, ఎక్కడో దూరంగా కాలితో తొక్కితే నీళ్ళు వచ్చేలా చేస్తే, బిందె జోలికి ఎవరూ వెళ్ళక్కర్లేదు. బామ్మకి సంగతి చెప్పి ఒప్పించడానికి ఒక సాయంత్రమంతా పట్టింది. ఆవిడ సందేహం ఆవిడది. "ధార తెగకుండా ఉంటే ఆ అంటు ధార పట్టుకుని పైకి రాదటరా?" నీళ్ళు పల్లానికే పోతాయమ్మా అని నాన్న పాఠం చెప్పాడు. ఆవిడ వినలేదు. చివరికి, కుళాయి కింద కొంచెం ఖాళీ వదిలి గరాటు పెడతాను, నీళ్ళు అందులో పడి అక్కడినుంచి కిందికి వస్తాయి, ధార మధ్యలో తెగుతుంది అన్నాడు. "అయితే సరే" అంది. పక్కన కూర్చుని వింటున్న నాకు మా నాన్న ఎంత తెలివైనవాడో అనిపించింది. ఈ ముక్క రాస్తుంటే చెయ్యి ఆగిపోతోంది, ఎందుకంటే ఆ అనిపించడంలో ఏ వంకా లేదు, నిండుగా గర్వపడ్డాను.

పెడలూ కుళాయీ చెయ్యడం నాన్న వల్ల కాలేదు. స్ప్రింగు పట్టు తప్పేది, నీళ్ళు కారిపోయేవి. ఇక చేసేది లేక ఆయనకే చెప్పాడు. "అమ్మకి నడుం నొప్పి ప్రకాశరావు గారూ. వంగి బిందెలో ముంచుకోలేకపోతోంది. కాలితో తొక్కితే నీళ్ళు వచ్చేలా ఏదైనా చెయ్యాలి." ప్రకాశరావు గారి మొహంలో జాలి కనపడింది. "మా అమ్మకీ అంతేనండి. వంగి నాట్లేసి నాట్లేసి నడుం పోయింది. నాకొదిలెయ్యండి, నేను చేస్తాను" అన్నారు. ఆదివారాలు వరసగా దాని మీదే కూర్చున్నారు. బ్రేకు తీగ మార్చారు, ముసలి కాలికి బరువవుతుందని స్ప్రింగు పలచన చేశారు. గరాటు సంగతి చెప్పినప్పుడు, "మంచి ఆలోచనండి శర్మగారూ, చెత్త వెనక్కి ఎక్కదు" అని మెచ్చుకున్నారు కూడా. నాన్న తల వంచుకుని రేకు కత్తిరిస్తూ ఉండిపోయాడు. ఒకరోజు ఆయన, "అమ్మగారూ, ఒక్కసారి ఈ గోడ పక్కన నిలబడండి" అన్నారు. అలమార కోసమనుకుని బామ్మ నిలబడింది. ఆయన ఆవిడ మోచేతి ఎత్తు చూసి, తాకకుండా, గోడ మీద సుద్దతో గీత గీశారు. అంతా తయారయ్యాక చెల్లెలి పెళ్ళికి సెలవు పెట్టి ఊరెళ్ళారు.

ఆయన ఊళ్ళో లేనప్పుడు నాన్న దాన్ని బిగించాడు. బిందె వంటింటి అలమారలో, గొట్టం కిటికీ జాలీలోంచి బయటికి, కుళాయీ గరాటూ పెడలూ వరండాలో. పక్కన గూట్లో ఒక స్టీలు గ్లాసు. ఎత్తు మాత్రం ప్రకాశరావు గారి గీత ప్రకారమే పెట్టాడు, తీగ పొడవు దానికి సరిపడా చేసి ఉంది మరి. రెండో రోజుకి కాలనీలో పిల్లలు కనిపెట్టేశారు. క్రికెట్ ఆడి వచ్చి టకటకా తొక్కి తాగేవాళ్ళు. తరవాత పోస్టుమాన్, పాలవాడు, గోధుమపిండి మర నుంచి వచ్చేవాళ్ళు. పెద్దవాళ్ళందరూ నడుం వంచి, పొట్టి మనిషి ఎత్తులో ఉన్న ఆ గరాటు కింద గ్లాసు పెట్టుకోవాలి. మల్హోత్రా ఆంటీ వచ్చి నాన్నకి నమస్కారం పెట్టింది. "ఆప్‌నే తో ప్యావు లగా దియా శర్మాజీ. బడే పుణ్య కా కామ్ హై." వేసవిలో దారిన పోయేవాళ్ళకి పెట్టే చలివేంద్రాన్ని ఢిల్లీ వాళ్ళు ప్యావు అంటారు. అది దానం, పుణ్యం. నాన్న కాదనడానికి నోరు తెరిచాడు, మూశాడు. వారం గడిచేసరికి ఆ మాట వచ్చినప్పుడల్లా కొంచెం నవ్వడం కూడా నేర్చుకున్నాడు. ఎవరూ ముట్టుకోకూడదని చేసినదాన్ని అందరికీ దాహం తీర్చేదని పొగుడుతుంటే, మా ఇంటిల్లిపాదికీ ఆ పొగడ్త తియ్యగానే ఉంది.

ప్రకాశరావు గారు ఊరి నుంచి దిగిన సాయంత్రమే వచ్చారు. వరండాలో పిల్లలు వంతులు వేసుకుని తాగుతున్నారు. "అరె, నా పెడలుకి ఇంత పేరొచ్చిందా" అని నవ్వారు. వెంటనే చుట్టూ చూసి, "ఇక్కడ పెట్టారేమండి?" అన్నారు. "వంటింట్లో చోటు చాల్లేదు" అన్నాడు నాన్న గబగబా. ఆయన తల ఊపి, గ్లాసు తీసుకుని, బాగా కిందికి వంగి పట్టుకుని, సగం తాగారు. ఇంతలో బామ్మ గుమ్మంలోకి వచ్చింది. ఆయన సంచిలోంచి గుడ్డ చుట్టిన సీసా తీశారు. "అమ్మగారూ, మీ నడుముకండి. మా అమ్మ కాయించి పంపింది. పొద్దునా సాయంత్రం రాయించుకోండి, వారంలో తగ్గిపోద్ది." సీసా కింద పెట్టారు, ఆవిడ చేతికి ఇవ్వకూడదని ఆయనకి తెలుసు. బామ్మ ఆశ్చర్యపోయింది. "నాకు నడుం నొప్పేమిటి నాయనా? ఈ వయసులో కూడా బిందె నేనే మోస్తున్నాను." నాన్న "అమ్మా" అన్నాడు. ఆవిడకి అందులో దాచాల్సింది ఏముందో తెలియదు. "ఇదా? ఇది బిందె ఎవరూ ముట్టుకోకుండా వాడు చేసిన ఏర్పాటు. మొన్న నువ్వు ముంచుకున్నావు చూడు, ఆ పూట నాకు నీళ్ళే లేవు. ఇప్పుడు నీకూ ఇబ్బంది లేదు, నాకూ లేదు" అంది. ఎంతో ఆప్యాయంగా అంది.

ఆయన చూపు బామ్మ మీద లేదు, నాన్న మీద లేదు. కుళాయికీ గరాటుకీ మధ్య ఉన్న ఆ వేలెడు ఖాళీ దగ్గర ఆగింది. తరవాత గ్లాసులో మిగిలిన సగం నీళ్ళు కూడా తాగేశారు. "అట్లాగాండీ అమ్మగారూ" అన్నారు. పెడలు తొక్కి, గ్లాసు కడిగి, గూట్లో బోర్లించారు. మా ఇంట్లో ఆయన గ్లాసు కడగడం నేనెప్పుడూ చూడలేదు. ఆ కడగడం ఎక్కడో చిన్నప్పుడు నేర్చుకున్నట్టుంది, అంత అలవాటుగా, అంత శుభ్రంగా కడిగారు. నాన్న గేటు దాకా వెంట వెళ్ళాడు, నేను నాన్న వెంట వెళ్ళాను. ప్రకాశరావు గారే మాట్లాడారు. గొంతు పెంచలేదు. "ముందే చెప్పుంటే సరిగ్గా చేసిచ్చేవాణ్ణి గదండి శర్మగారూ. కొలతలన్నీ అమ్మగారి ఎత్తుకి పెట్టాను." సైకిలెక్కి వెళ్ళిపోయారు.

మళ్ళీ మా ఇంటికి రాలేదు. ఆఫీసులో కనపడితే నమస్కారం పెట్టేవారట, నాన్న మొదట పెట్టబోయినా ఆయనదే ముందుండేదట. అంతకు మించి మాట లేదు. నాన్న రెండుసార్లు వాళ్ళింటికి బయలుదేరి బస్టాండు నుంచి వెనక్కి వచ్చాడు. బామ్మ మాత్రం చాలాకాలం అడిగేది, "ప్రకాశరావు రావడం లేదేమిరా? నేనేమన్నాను?" అని. ఆ తైలం సీసా గుమ్మం పక్కన కొన్ని వారాలు అలాగే ఉండిపోయింది. దుమ్ముగాలులకి దాని మీద ఎర్రమట్టి పేరుకుంది. పారెయ్యడానికీ ఎవరికీ చెయ్యి రాలేదు, వాడుకోవడానికీ రాలేదు. చివరికి అమ్మ తుడిచి లోపలికి తెచ్చి తన నడుముకి రాసుకుంది. ఆ ఇంట్లో నిజంగా నడుం నొప్పి ఉన్న మనిషి అమ్మ, ఆ సంగతి ఎవరూ అడగలేదు. తైలం బాగా పనిచేసింది.

నాన్న ఆ కుళాయి పీకేద్దామనుకున్నాడు. ఒకరోజు గొట్టం ఊడదీశాడు కూడా. సాయంత్రానికి మల్హోత్రా ఆంటీ, ఇంకో నలుగురు వచ్చి నిలబడ్డారు. ప్యావు ఆపితే పాపం శర్మాజీ, ఎండలు ఇంకా తగ్గలేదు అన్నారు. ఏమని చెబుతాడు? మళ్ళీ బిగించాడు. బామ్మ పోయాక కూడా, ఆ క్వార్టర్సు వదిలేదాకా, ప్రతి ఎండాకాలం పొద్దున్నే తనే బిందె నింపి, అందరి దగ్గరా పుణ్యాత్ముడనిపించుకుని, తల దించుకుని ఆఫీసుకి వెళ్ళేవాడు. నేను ఎదిగిన కొద్దీ ఆయన వంక చూడలేకపోయేదాన్ని. ఇంకో వస్తువు చెయ్యలేదు ఆయన. డాల్డా డబ్బాలో స్ప్రింగులు ఒకదానికొకటి అతుక్కుని తుప్పు పట్టాయి. పోయే ముందు ఆసుపత్రి మంచం మీద నన్ను పిలిచి, "అమ్మడూ, ఆ ఎత్తన్నా మార్చాల్సింది నేను" అన్నాడు. ఏ ఎత్తు అని అడగక్కర్లేకపోయింది.

ఇదంతా అన్వికి మొన్న చెప్పాను. సెక్రటరీ పలక మీద పేరు సరిచూడమని పంపాడు, ఇక దాచడం నా వల్ల కాలేదు. నేల మీద కూర్చుని, ఆ ఇత్తడి పెడలు ఒళ్ళో పెట్టుకుని వింది. అయిపోయాక కుళాయికీ గరాటుకీ మధ్య ఖాళీలో వేలు పెట్టి చూసింది. "తో ప్లేట్ పే ఉన్‌కా నామ్ డాల్ దేం? ప్రకాశరావు గారిది?" అంది. వద్దన్నాను. ఆయన చేతులతో చేసి ఇచ్చిన దానితోనే ఆయన్ని బయట నిలబెట్టాం, ఇప్పుడు ఆ పేరు కూడా గేటు బయటే నిలబెడతామా? ఎవరి పేరూ వద్దు, పలకే వద్దు, డ్రైవర్లకీ డెలివరీ వాళ్ళకీ దాహం వేస్తే లోపల కుర్చీ వేసి కూర్చోబెట్టండి అని ఫోను చేసి చెప్పాను. సెక్రటరీకి కోపం వచ్చింది, ఆంటీకి వయసైపోయిందనుకున్నాడు. నాకు బరువు దిగినట్టనిపించింది. మంచినీళ్ళు తాగి, ఆ పూటకి గొప్పదాన్నయినట్టే కూర్చున్నాను. వీడియో తీసేసి అన్వి లేచింది. తలుపు దాకా వెళ్ళి, తెరిచి, బయటికి చూసి, నా వైపు తిరిగింది. ఈసారి తెలుగులోనే అడిగింది, కూడబలుక్కుని. "అమ్మమ్మా, మరి మనది ఎందుకు బయట ఉంది?"

లిఫ్టు పక్కన స్టూలు, దాని మీద డబ్బా, కాగితపు గ్లాసులు. చెయ్యి పెడితే నీళ్ళు. నోట్లో జవాబు తయారుగానే ఉంది. పాపం, వాళ్ళు బెల్లు కొట్టి నిలబడే పని లేకుండా. ఆ మాట నాలిక చివరికి వచ్చాక విన్నాను నేను, అది మా నాన్న గొంతు. అమ్మకి నడుం నొప్పి ప్రకాశరావు గారూ. అప్పుడు నేను పిల్లని, ఇంట్లో ఏం జరిగినా చూస్తూ నిలబడ్డానని సర్దుకోవచ్చు. ఈ స్టూలు నేనే వేయించాను, నా మనిషితనం చూసి నేనే మురిశాను, నాలుగేళ్ళుగా దాని పక్కనుంచి గుడికి వెళ్ళొస్తున్నాను. మనవరాలి మొహం చూడలేక కళ్ళు దించుకున్నాను.

డబ్బా లోపలికి తెచ్చేశాం. ఇప్పుడు ఎవరికి దాహం వేసినా బెల్లు కొట్టాలి, నేను లేవాలి. నిన్న మధ్యాహ్నం అన్వి పార్సిలు తెచ్చిన మనిషి చెమట తుడుచుకుంటూ "పానీ మిలేగా, ఆంటీ?" అని అడిగాడు. లోపలికొచ్చి కూర్చోమన్నాను. అతను చెప్పులు విప్పాలా వద్దా అని తటపటాయించి, గుమ్మం పక్క కుర్చీ అంచున కూర్చున్నాడు. నేను గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, మేం తాగే గ్లాసులోనే నీళ్ళు తెచ్చాను. "మీరెందుకు కష్టపడతారు ఆంటీ, బయట పెట్టేస్తే సరిపోయేది కదా" అని హిందీలో అన్నాడు పాపం. నాకు మోకాళ్ళ నొప్పులు. ఇది మాత్రం నిజం.